మిరపకాయల లారీలో వచ్చిన సినిమా

మొన్న ఎండాకాలంలో చుట్టాల పెళ్లికి విరుదునగర్ వెళ్లాను. ముహూర్తం పొద్దున్నే అయిపోయింది, భోజనాలకు ఇంకా పిలుపు రాలేదు. కల్యాణమండపంలో ఉన్న ఫ్యాన్లన్నీ మగపెళ్లివారు ఆక్రమించుకున్నారు. ఎదురుగా ఒక లైబ్రరీ కనబడితే చల్లగా ఉంటుందని వెళ్లి కూర్చున్నాను.

అక్కడ పనిచేసే అమ్మాయి ఒకతె సెల్‌ఫోను పట్టుకుని వచ్చి తమిళంలో అడిగింది. "ఆంటీ, మీకు నచ్చిన పుస్తకమో, పత్రికో, వీడియోనో ఒకటి చెప్పండి. ఎందుకు నచ్చిందో అరనిమిషం మాట్లాడితే చాలు. వచ్చేవాళ్లకు చూపిస్తాం."

గోడ మీది టీవీలో అప్పటికే ఒక పెద్దమనిషి చక్కెర జబ్బుకు పనికొచ్చే వంటల పుస్తకం గురించి చెబుతున్నాడు. నేను కొంగు సర్దుకుని, నోటికి వచ్చిన పుస్తకం పేరేదో చెప్పి వచ్చేశాను. అరిటాకు ముందు కూర్చుని, అప్పడం విరిచాక తోచింది, నేను చెప్పవలసింది అది కాదని. కాని చెప్పవలసినది ఆ అమ్మాయి బీరువాల్లో దొరకదు. దాని కథ చెప్పాలంటే అరనిమిషం చాలదు.

నా చిన్నప్పుడు మేం కోవిల్‌పట్టిలో ఉండేవాళ్లం. మా సందులో పల్లీపట్టీలు చేసే కొట్టం ఒకటి ఉండేది. తెల్లవారేసరికి బెల్లం పాకం వాసన దుప్పట్లలోకి వచ్చేది. గాలి మళ్లితే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ వైపు నుంచి మందు వాసన. చీకటి పడే వేళకు నాయన వాసన. ఆయన విరుదునగర్‌లో మిరపకాయల మండీలో గుమాస్తా. రోజూ బస్సులో వెళ్లి వచ్చేవాడు. వాకిట్లోనే చొక్కా విప్పమని అమ్మ కేకేసేది. అయినా ఆయన లోపలికి రాగానే మేం వరసగా తుమ్మేవాళ్లం. మా ఇంటికి నాయన వచ్చాడని పక్కింటివాళ్లకు తెలిసేది మా తుమ్ముల వల్లే.

ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు, అందరూ అలాగే చేసేవాళ్లు. బజారులో అమ్మ నాతో కూడా తమిళంలోనే మాట్లాడేది. మా ఇళ్లలో తెలుగు నోటితో మాట్లాడే భాష, అంతే. చదవడం ఎవరికీ రాదు. తెలుగుకు కూడా అక్షరాలు ఉంటాయన్న సంగతి నాకు చాలాకాలం తెలియదు.

తాత పోయిన ఏడు నాయన అవ్వను పల్లె నుంచి మా ఇంటికి తీసుకొచ్చాడు. విళాత్తికుళం పక్కన మా పల్లె. వానకు పండే నల్లరేగడి నేల, పత్తి, మిరప, సజ్జ. ఇంటి వెనక గోడ కూలింది. పక్కిళ్లవాళ్లు పనులు వెతుక్కుంటూ ఊరు వదిలారు. అవ్వను అక్కడ ఒక్కదాన్నే ఉంచడానికి నాయనకు మనసొప్పలేదు. అవ్వకు మాత్రం ఇక్కడ ఉండడానికి మనసొప్పలేదు. తన చీరల మూట విప్పనే లేదు. రాత్రి దాన్నే తలకింద పెట్టుకునేది.

"ఈడ మన్ను యాడుండాదిరా? కాలు పెడితే సిమెంటు. అరికాళ్లు మండతా ఉండాయి," అనేది.

"వాన పడనీమ్మా. వాన పడినంక పోదువు," అనేవాడు నాయన.

"వాన పడితే ఒక పొద్దు గూడా ఉండను. ఇప్పుడే చెప్తా ఉండా."

అమ్మ సజ్జ సంగటి చేసి పెడితే రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేది. "మిసన్‌లో ఆడించిన పిండి, వాసన లేదు," అనేది. ఒకసారి ఎవరికీ చెప్పకుండా మూట చంకన పెట్టుకుని బస్టాండుకు వెళ్లిపోయింది. బస్సుల మీది పేర్లు చదవడం రాదు కాబట్టి అక్కడే ఒక స్తంభానికి ఆనుకుని కూర్చుంది. నాయన వెళ్లి పిలుచుకొచ్చాడు.

నాకు మాత్రం ఆమె వెళ్లిపోతుందంటే భయం. మేమిద్దరం ఒకే చాప మీద పడుకునేవాళ్లం. ఆమె తెల్లచీర దగ్గర తమలపాకు, వేపనూనె కలిసిన వాసన వచ్చేది, కమ్మలు తీసేసిన పొడుగు చెవులు నా చెంపకు తగిలేవి. నిద్ర పట్టకపోతే వీపు మీద గీతలు గీసి, "ఇది ఏరు, ఇది ఒడ్డు, ఇది మన చేను," అని పల్లెనంతా నా వీపు మీద పెట్టేది. పిల్లలందరూ సెలవుల కోసం వాన కోరుకుంటుంటే, నేను వాన పడొద్దని దేవుడికి మొక్కేదాన్ని.

మా సందు దాటి బజారు చివర, ఒక బట్టలకొట్టు మేడ మీద, లైబ్రరీ ఉండేది. దాన్ని చూసుకునే ఆమెను అందరం అక్కా అనేవాళ్లం. మదురై వైపు తమిళావిడ. పెళ్లి చేసుకోలేదు. గట్టిగా నవ్వేది, గట్టిగా తిట్టేది. ఆమె పెట్టిన నియమం ఒక్కటే. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు దాని గురించి ఒక మాట చెప్పాలి.

"బాగుందక్కా," అంటే ఊరుకునేది కాదు.

"ఇడ్లీని కూడా బాగుందనే అంటారు. ఇంకో మాట చెప్పు," అనేది.

ఆ చెప్పిన మాటను మనచేతే చీటీ మీద రాయించి, గోడకు అడ్డంగా కట్టిన పురికొసకు బట్టల క్లిప్పుతో తగిలించేది. కొత్తవాళ్లు వస్తే ముందు బీరువాల దగ్గరికి వెళ్లేవాళ్లు కాదు, ఆ తాడు దగ్గరికి వెళ్లేవాళ్లు. "ఈ నవలలో డాక్టరు చాలా మంచివాడు. అలాంటివాడు మన ఊళ్లో లేడు" అని ఒక చీటీ. "ఈ పత్రికలోని వంట చేసి చూశాం. ఉప్పు సంగతి రాయడం మరిచిపోయారు" అని ఇంకొకటి.

ఒకసారి నేను ఉల్లి సాగు గురించిన పుస్తకానికి ఒక చీటీ రాసి తగిలించాను. 'ఇందులో దయ్యం ఉంది. ఒంటరిగా చదవకండి' అని. ఇక చూడండి, ఎన్నడూ ఎవరూ ముట్టని ఆ పుస్తకం బీరువాలో నిలిస్తే ఒట్టు. తీసుకెళ్లినవాళ్లందరూ చివరి పేజీ దాకా దయ్యం కోసం వెతికారు. చివరికి ఒక రైతు తెచ్చి బల్ల మీద పెట్టి, "దయ్యం కనబళ్లేదమ్మా, కాని ఉల్లి సంగతి బాగా రాశాడు. ఈసారి నేనూ వేస్తున్నా," అన్నాడు. అక్క నా చేతిరాత గుర్తుపట్టింది. నాకు శిక్ష ఏమిటంటే ఆ పుస్తకం మొత్తం చదివి నిజంగా తోచింది రాయడం. ఈ రోజుకూ ఉల్లినారు ఎంత ఎడంగా నాటాలో నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

కొన్నాళ్లకు ఊళ్లో ఎవరో ఒక టీవీ, వీడియో పెట్టె లైబ్రరీకి ఇచ్చారు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఒక సినిమా, మా మాటలో పడం. ఏది వెయ్యాలన్నది కూడా తాడు మీది చీటీలే తేల్చేవి. ఈ కబురు అమ్మ చెవిన పడింది.

"పడం గూడా ఏస్తారంటనే ఆడ. మొగపిల్లకాయలు వస్తారు. ఒంటిగా పోవద్దు," అంది.

"ఎవురితో పోవాల మరి?"

అమ్మ ఇల్లంతా చూసి, గోడకు ఆనుకుని బయటికి చూస్తున్న అవ్వ దగ్గర ఆగింది. "అత్తా, పాపను పిలుచుకోని కొంచెం పోయి వస్తావా? ఆడ గాలి బాగుంటాది."

అవ్వ "నాకెందుకే అదంతా," అంటూనే లేచింది. అలా ఆమె మొదటిసారి ఆ మెట్లు ఎక్కింది.

ఆ రోజు వేసింది ఒక తమిళ సినిమా. అవ్వ చివరి బెంచీలో నా పక్కన కూర్చుని రెప్ప వెయ్యకుండా చూసింది. అయిపోయాక అందరూ వెళుతుంటే అక్క తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరిని అడుగుతోంది. అవ్వను కూడా అడిగింది.

"పాట్టి, ఎలా ఉంది?"

ఆమె అవ్వను పాట్టి అని, అంటే తమిళంలో అవ్వా అని, పిలిచేది. అవ్వ తలూపి వెళ్లబోయింది. అక్క తలుపుకు చెయ్యి అడ్డం పెట్టింది. "ఒక మాట చెప్పందే ఎవరినీ పంపను. మీ ఇంటి మాటలోనే చెప్పండి. మనవరాలు రాస్తుంది."

అవ్వ నా వైపు తిరిగి తెలుగులో చెప్పింది. నేను ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాను, కాకపోతే నాకు తెలిసినవి తమిళ అక్షరాలే కాబట్టి తెలుగు మాటలను ఆ అక్షరాలతోనే రాశాను. "ఈ పడంలో బువ్వ ముందరికి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఏడ్చి లేచిపోతారు. ఒకరు గూడా కడుపునిండా తిన్లేదు. ఆకలి మీద ఉండేవాళ్లు చూడొద్దు."

అక్కకు అందులో ముక్క అర్థం కాలేదు. అయినా క్లిప్పు పెట్టి తాడు మధ్యలో తగిలించింది.

వారం తిరిగేసరికి మా సందులో ఆడవాళ్లందరికీ ఆ సంగతి తెలిసింది. ఇంట్లో మాట్లాడుకునే మాట గోడ మీద ఉందట అని ఇద్దరేసి ముగ్గురేసి వచ్చి చూశారు. కూడబలుక్కుని పైకి చదువుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. రోజూ పేపరు చదవడానికి వచ్చే ఒక రిటైరైన అయ్యవారికి మాత్రం అది నచ్చలేదు. ఊళ్లో సగంమందికి ఆయనే తమిళం నేర్పాడు.

"ఏమిటమ్మా ఇది? ఏ భాష? చదివితే అర్థం లేదు," అని అక్కను గద్దించాడు.

"అక్షరాలు మనవేగా అయ్యా. పైకి చదవండి, ఏమవుతుందో చూద్దాం," అంది అక్క.

ఆయన కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. తమిళంలో ప, బ రెండింటికీ అక్షరం ఒక్కటే. అందుకని ఆయన నోట బువ్వ కాస్తా 'పువ్వ' అయింది.

కిటికీ దగ్గరున్న ఆడవాళ్లు గొల్లున నవ్వారు. "పువ్వ కాదయ్యా, బువ్వ!" అంది ఒకతె ధైర్యం చేసి.

అయ్యవారు కళ్లద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు. తర్వాత మెల్లగా, మా ఇంటి తెలుగులోనే అన్నాడు. "తెలుసు లేమ్మా. మా అమ్మ గూడా బువ్వే పెట్టె."

ఆయనది తెలుగిల్లని ఆ గదిలో ఎవరికీ తెలియదు. మూడు తరగతులు ఆయన దగ్గర చదివిన నాకూ తెలియదు. ఆ తర్వాత ఆయన అవ్వ ఎదురైతే తెలుగులో పలకరించేవాడు, చుట్టూ ఎవరైనా ఉంటే గొంతు తగ్గించి.

అవ్వ ఆదివారాలు తప్పకుండా రావడం మొదలుపెట్టింది. ఒకరోజు అక్కను తనే అడిగింది, నాచేత తమిళంలో చెప్పించి. మన మాటలో పడం ఉంటుందా, ఉంటే వెయ్యకూడదా అని. మా ఊళ్లో అలాంటి క్యాసెట్టు ఎక్కడ దొరుకుతుంది? అక్క నా ద్వారా నాయనకు కబురు పెట్టింది. నాయన పనిచేసే మండీకి గుంటూరు నుంచి మిరపకాయల లారీలు వచ్చేవి. ఆయన ఒక లారీ డ్రైవరుకు చెప్పాడు. ఆ డ్రైవరుకు సినిమాలేవీ తెలియవు. గుంటూరులో క్యాసెట్ల కొట్టుకు వెళ్లి, "మా ఊరి ఆడవాళ్లకు ఒకటి కావాలి," అన్నాడట. కొట్టువాడు, "మా ఇంట్లో ఆడవాళ్లు దీనికి రెండు రోజులు ఏడ్చారు. ఇదే పట్టుకెళ్లు," అని ఒకటి చేతిలో పెట్టాడట. దాంతోపాటు ఒక తెలుగు వారపత్రిక కూడా పంపాడు.

క్యాసెట్టు బస్తాల మధ్య ప్రయాణం చేసి, గోనెపట్టాలో చుట్టుకుని వచ్చింది. నాయన దాన్ని ఇంట్లో విప్పగానే పండక్కి టపాకాయలు పేలినట్టు అందరికీ తుమ్ములు. పత్రికను అవ్వ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. ఏది పైనో ఏది కిందో మాకెవరికీ తెలియదు, లోపలి బొమ్మల్లో మనుషుల తలలు ఎటున్నాయో చూసి తిప్పుకున్నాం.

"ఇవేనా మన అచ్చరాలు? ఒక్కటి గూడా తిన్నంగా లేదే. అన్నీ గుండ్రంగా చుట్టుకోని ఉండాయి," అంది అవ్వ. కాని ఆ పత్రికను తన మూటలో దాచుకుంది.

ఆ ఆదివారం లైబ్రరీ మెట్ల మీద కూడా మనుషులు కూర్చున్నారు. మా సందే కాదు, నేతవాళ్ల వీధి నుంచి కూడా తెలుగిళ్లవాళ్లు పిల్లలతో వచ్చారు. ఎవరో కారంసేవు పొట్లాలు తెచ్చారు. నాయన కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆకాశం పొద్దుటి నుంచి మూసుకుపోయి ఉంది, గాలి లేదు. అక్క వీడియో పెట్టెకు దణ్ణం పెట్టి బటన్ నొక్కింది.

మొదటి పావుగంటలో తేలిపోయింది, ఆ తెలుగు మాకు సగం అర్థం కావడం లేదని. ఆ మనుషులు గబగబా మాట్లాడుతున్నారు, ఒత్తి ఒత్తి పలుకుతున్నారు. తెర మీద ఒక పెద్దాయన, "ప్రయాణం సుఖంగా సాగిందా బాబూ?" అన్నాడు.

"ఏమనె?" అంది ముందు వరుసలో ఒకామె.

"బస్సులో సీటు దొరికెనా అంటాడు," అంది అవ్వ.

అప్పటి నుంచి అందరూ తెరను చూడడం, అవ్వను వినడం. తెలుగు సినిమాను అవ్వ మాకు తెలుగులోకి మార్చి చెబుతోంది. కథ ఏమిటంటే, తల్లీ తండ్రీ లేని తమ్ముణ్ణి ఒక అక్క కూలి చేసి పెంచి పట్నానికి చదువుకు పంపుతుంది. వాడు పెద్ద ఉద్యోగస్తుడవుతాడు. వరదలో ఊరు కొట్టుకుపోయి, ఉత్తరాలు ఆగిపోయి, అక్క చనిపోయిందనుకుంటాడు. ఆమె ఏదో ఊరి బస్టాండులో మజ్జిగ అమ్ముకుంటూ ఉంటుంది. ఒకరోజు వాడి కారు ఆ బస్టాండు ముందు ఆగిపోతుంది. వాడు దిగి, ఒంటి మీద కోటుతోనే, ఆమె దగ్గర మజ్జిగ అడుగుతాడు. ఆమె లోటా అందిస్తుంది. వాడు నోటి దగ్గరికి ఎత్తుతాడు.

అక్కడ కీచుమని శబ్దం వచ్చి తెర నిండా గీతలు పడ్డాయి. లైబ్రరీ అక్క పరుగెత్తి వీడియో పెట్టె తెరిచింది. టేపు గుత్తులుగుత్తులుగా బయటికి వచ్చింది, దాంతో ఎర్రటి దుమ్ము. అక్క తుమ్మింది.

"కారం పోయింది లోపలికి. ఇప్పుడు కాదు, మదురై పంపించి బాగు చేయించాలి," అంది చేతులు తుడుచుకుంటూ.

ఎవరూ లేవలేదు. పిల్లలు కూడా లేవలేదు. "అయితే వానికి తెలిసెనా లేదా?" అని ఒకామె ఎవర్నని కాకుండా అడిగింది. "అక్కా అని పిలిచెనా?" అంది ఇంకొకతె. "పాపం, కన్నతల్లి మాదిరి సాకె గదా."

"వాడు తాగలేదు," అంది అవ్వ.

అందరూ వెనక్కి తిరిగారు.

"ఎందుకు తాగలే పెద్దమ్మా?"

"తాగబొయ్యేలోపల అది నిలిపేసె. 'ఉండయ్యా' అనె. లోటాలో కర్వేపాకు ఉండాది గదా. వానికి చిన్నప్పుటి నుంచి కర్వేపాకు ఆగదు. గొంతులో పడితే కక్కేస్తాడు. అది కావాలని తియ్యలే. చెయ్యి దానిపాటికి అది పోయె. రెండు వేళ్లతో ఆకు తీసి పారేసి, మల్లా ఇచ్చె."

గదిలో కారంసేవు నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది. అక్క వీడియో పెట్టెను వదిలి బెంచీ అంచున కూర్చుంది. అయ్యవారు ఆమె పక్కకు జరిగి, ప్రతి మాటా మెల్లగా తమిళంలో చెప్పసాగాడు. ఇంతమంది ముందు.

"వాడు దాని మొగం చూడలే. ఆ వేళ్లు చూసె," అంది అవ్వ.

"అక్కా అనెనా?"

"ఎట్లంటాడు? పెద్ద ఆపీసరు. చుట్టూ నలుగురు ఉండారు. గొంతు రాలే. 'ఇంకో లోటా పొయ్యి' అనె. అది పోసె. ఆకు తీసె. తాగి, 'ఇంకోటి' అనె. కడుపులో చోటు లేదు, ఐనా తాగతా ఉండాడు. డైవరు వచ్చి, 'కారు బాగైపోయె, పోదామా' అనె."

అప్పుడు బట్టలకొట్టు రేకుల మీద టపటపమని చప్పుడైంది. ముందు నాలుగు చినుకులు, తర్వాత దబదబా వాన. కిటికీలోంచి తడిమట్టి వాసన ఒక్కసారిగా వచ్చింది. అవ్వ మాట ఆపి కిటికీ వైపు చూసింది. నేను ఆమె కొంగు పట్టుకున్నాను.

నాయన తలుపు దగ్గర్నుంచి అన్నాడు. "అమ్మా, వాన."

అంతమందీ ఆమె మొహం వంకే చూస్తున్నారు. ఆమె కిటికీలోంచి కాసేపు వానను చూసింది.

"వినపడె లేరా. దానిపాటికి అది పడనీ. నువ్వు లోపలికి వచ్చి కూసో," అంది. తర్వాత మళ్లీ అందరి వైపు తిరిగింది. "యాడ నిలిపితి?"

"కారు బాగైపోయె!" అన్నారు పిల్లలందరూ ఒక్కసారే.

"ఆఁ, కారు బాగైపోయె. వాడు, 'నువ్వు పో' అని కారును పంపించేసె. మజ్జిగ కుండ తీసి తల మీద పెట్టుకునె. కోటు మీద మజ్జిగ కారతా ఉండాది. 'ఇల్లు యాడ?' అనె. అది ముందర నడిచె. వాడు ఎనక నడిచె."

"అంతేనా?"

"ఇంకేం కావాల? ఇంటికి పోయి బువ్వ తిన్నారు. ఇద్దురూ కడుపునిండా తిన్నారు. ఎవురూ ఏడ్చి లేచిపోలే."

అందరూ నవ్వారు. కళ్లు తుడుచుకుంటూనే నవ్వారు. వాన తగ్గేదాకా ఎవరూ కదల్లేదు, కదలాలని కూడా లేదు.

మర్నాడు పొద్దున్నే నాయన, అవ్వ విళాత్తికుళం బస్సు ఎక్కారు. మూట ఆమె చంకలోనే ఉంది. నేను ఏడుస్తుంటే, "విత్తనం ఏసే పొద్దు పాపా, ఏడవకూడదు," అని నా మొహం తుడిచి వెళ్లిపోయింది. రెండు రోజులకు నాయన ఒక్కడే తిరిగి వచ్చాడు. "ఆడనే ఉంటానంటాది," అన్నాడు అమ్మతో. ఆ వారమంతా చాప మీద నాకు ఒకవైపు ఖాళీ.

ఆదివారం నేను లైబ్రరీకి వెళ్లాను. ఆ రోజు వెయ్యడానికి క్యాసెట్టు లేదు. అయినా బెంచీలు నిండాయి. ఎవరూ ఎందుకొచ్చారో చెప్పరు, ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. అంతలో మెట్ల మీద అడుగుల చప్పుడైంది. అవ్వ ఒక్కతే పైకి వచ్చింది. పాదాలకు చీలమండల దాకా నల్లమట్టి ఎండిపోయి ఉంది. ఎవరినో అడిగి బస్సు ఎక్కిందట, ఎవరినో అడిగి దిగిందట.

"వచ్చేసినావా అవ్వా?" అన్నాను, ఆమెను చుట్టుకుని.

"ఆదివారం గదా పాపా. ఈళ్లంతా కాసుకోని ఉంటారే," అంది. అక్క మంచినీళ్లు ఇస్తే తాగి, బెంచీ మీద కూర్చుని, "శరి. ఒక ఊళ్లో…" అని మొదలుపెట్టింది.

ఆ మూట ఆ రోజే విప్పిందని చెప్పను. కాని కొన్నాళ్లకు ఆమె చీరలు అమ్మ చీరలతో పాటు దండెం మీద కనబడ్డాయి. కలుపుకీ కోతకీ పల్లెకు వెళ్లేది, పని కాగానే వచ్చేసేది. సంగటి మూడు ముద్దలు తినేది, పిండిని తిట్టడం మాత్రం మానలేదు.

క్యాసెట్టు బాగై రావడానికి చాలా రోజులు పట్టింది. మళ్లీ అందరూ చేరారు, చివరిదాకా చూద్దామని. తమ్ముడు లోటా ఎత్తాడు, గటగటా తాగేశాడు, డబ్బులిచ్చి కారెక్కి వెళ్లిపోయాడు. తర్వాత దొంగలు వచ్చారు, తుపాకులు పేలాయి, అక్కకు తగిలింది, ఆసుపత్రిలో చేతి మీది పచ్చబొట్టు చూసి తమ్ముడు గుర్తుపట్టాడు, ఆమె ఒక పాట పాడి చనిపోయింది.

"ఇదేంది? కర్వేపాకు ఏది?" అని ఒకామె లేచి నిలబడింది.

"కోసేసినారు. మదురైలో బాగుచేసినవాడు మంచి బాగమంతా కోసి, ఏదో అతికించినాడు," అన్నాడు ఇంకొకాయన కోపంగా.

అవ్వ మాత్రం, "పాపం, పాటైతే బాగా పాడె," అంది.

ఆ సాయంత్రం అయ్యవారు తాడు మీద ఒక చీటీ తగిలించాడు, తమిళ అక్షరాల్లో, తెలుగులో. "ఈ క్యాసెట్టు మజ్జిగ దాకా చూడండి. మిగతాది అవ్వను అడగండి."

అవ్వ ఆ ఊళ్లోనే చాలాకాలం బతికింది. ఆమె పోయిన రోజు మా సందంతా కాక నేతవాళ్ల వీధి కూడా కదిలి వచ్చింది. లైబ్రరీ అక్కకు అంతకు ముందే తూత్తుకుడి వైపు బదిలీ అయింది. వెళ్లేరోజు ఆమె అవ్వ కాళ్లకు దణ్ణం పెట్టి, "పాట్టి, ఇన్నేళ్లు మీరు చెప్పింది సగమే అర్థమైంది నాకు," అంటే, అవ్వ, "మాకు పడం అర్తమైనంత," అని నవ్వింది. నేను చిత్తూరు వైపు కోడలిగా వెళ్లి, పక్కింటి పిల్లాడి ఒకటో తరగతి వాచకంలో తెలుగు అక్షరాలు దిద్దుకున్నాను. అవ్వ మూటలోంచి నాతో తెచ్చుకున్న ఆ గుంటూరు పత్రిక అప్పుడు తీసి చదివితే, మధ్య పేజీలో కొబ్బరిపచ్చడి ఎలా చెయ్యాలో ఉంది.

కొన్నేళ్ల కిందట కళుగుమలై తిరునాళ్లకు వెళ్లాను. కొండ దిగి వచ్చి, పందిరి కింద మజ్జిగ ఇస్తుంటే వరుసలో నిలబడ్డాను. నా ముందు నాకంటే కాస్త చిన్నావిడ, చేత్తో మనవణ్ణి పట్టుకుని ఉంది. పిల్లవాడు లోటాలోకి చూసి మొహం చిట్లించాడు. ఆమె రెండు వేళ్లతో కరివేపాకు తీసి పారేసి, తెలుగులో అంది.

"తాగు. ఒక పడంలో ఇట్లనే ఆకు తీసేసి, తమ్ముడు అక్కను కనుక్కునె. తెలుసునా నీకు?"

"ఏ పడం?"

"పేరు తెలీదు. చిన్నప్పుడు కోవిల్‌పట్టి లైబ్రరీలో ఏసిరి. కుండ తల మీద పెట్టుకోని కోటు తడుపుకుంటా పోతాడు. మా అమ్మ వొళ్లో కూసోని చూసితి."

"నిజంగా చూసినావా?"

"నా కండ్లతో చూసితిరా. ఆ అక్క ఇంకా నా కండ్ల ముందరే ఉండాది. తెల్లచీర. చెవులు ఇంత పొడుగు, కమ్మలు లేవు, మాట్లాడితే ఊగేటివి."

సినిమాలో అక్కగా వేసిన ఆమె పడుచుమనిషి. ఆమెది నీలంచీర, చెవులకు రాళ్ల దుద్దులు. పాతకాలం బరువు కమ్మలకు సాగి, భుజాల దాకా వేలాడే చెవులు ఆ గదిలో ఒక్కరికే ఉండేవి.

నా వంతు వచ్చింది. లోటా అందుకుని పక్కకు జరిగాను. పిల్లవాడికి ఇంకా నమ్మకం కుదరక నా వంక చూశాడు.

"అవును అబ్బోడా," అన్నాను మా ఇంటి మాటలో. "నేను గూడా చూసితి."